విద్యార్థుల లఘుచిత్రాలు: సందేశానికి ముందు కంటిన్యుటీ

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

కళాశాలల వార్షికోత్సవాల కాలం వచ్చిందంటే మీ పత్రిక జిల్లా పేజీల్లో లఘుచిత్ర పోటీల వార్తలు వరసగా కనిపిస్తాయి. ర్యాగింగ్, మత్తుమందులు, ప్లాస్టిక్, ఓటు హక్కు, రహదారి భద్రత వంటి అంశాల్లో ఏదో ఒకటి ఇచ్చి, అయిదు నుంచి పది నిమిషాల నిడివిలో చిత్రం తీసి పంపమంటారు. బహుమతులిచ్చే రోజున ముఖ్య అతిథి సందేశాన్ని మెచ్చుకుంటారు, హీరో వేషం వేసిన కుర్రాడికి జ్ఞాపిక అందుతుంది, మర్నాడు పత్రికలో ఫొటో వస్తుంది. ఒక డిగ్రీ కళాశాల మాధ్యమ విభాగంలో పాఠాలు చెప్పుకుంటూ, అడపాదడపా ఇరుగుపొరుగు కళాశాలల పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్లే నేను ఈ తతంగంలో ఒక లోటును చాలాకాలంగా గమనిస్తున్నాను. విద్యార్థి చిత్రం తీశాడు సరే, కెమెరాను ఎక్కడ పెట్టాలో, ఒక షాటు పక్కన ఇంకో షాటు ఎందుకు అతుకుతుందో, ఎందుకు అతకదో నేర్చుకున్నాడా అన్న ప్రశ్న ఎవరూ అడగడం లేదు. మార్కుల పట్టికలో కథకు, సందేశానికి, నటనకు, సంగీతానికి గడులుంటాయి. కంటిన్యుటీకి, అంటే ఒక షాటు నుంచి ఇంకో షాటుకు చర్య, చూపు, వస్తువులు, వెలుగు పొందిక చెడకుండా కొనసాగడానికి, గడి ఉన్న పట్టిక నా కంటపడటం చాలా అరుదు.

నా ప్రతిపాదనను ముందే చెబుతాను. సందేశ చిత్రం తీయబోయే ప్రతి విద్యార్థి బృందమూ అంతకుముందు మాటల్లేని ఒక చిన్న కంటిన్యుటీ అభ్యాసం పూర్తి చేయాలి. కళాశాలలు దానికి మార్కులివ్వాలి, పోటీ నిర్వాహకులు దానికి విడిగా బహుమతి పెట్టాలి.

ఇది నేను కొత్తగా కనిపెట్టినది కాదు. 1960లో పుణేలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థులకు తొలి దశలో ఇచ్చే పనుల్లో కంటిన్యుటీ ఎక్సర్‌సైజ్ ఒకటి. దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, శబ్దగ్రహణం చదివేవాళ్లు జట్టుగా కలిసి, మాటల సాయం లేకుండా ఒక చిన్న చర్యను షాట్లుగా విడగొట్టి తీసి, మళ్లీ ఒక్క చర్యలాగే కనిపించేలా కూర్చాలి. సంభాషణలతో కూడిన అభ్యాసం ఆ తరవాత వస్తుంది. తెలుగు ప్రేక్షకులకు చిరపరిచితులైన ఛాయాగ్రాహకులు బాలు మహేంద్ర, కె.కె. సెంథిల్‌కుమార్ ఇద్దరూ ఆ సంస్థలో చదువుకున్నవారే. ఈ పద్ధతి మూలాలు ఇంకా వెనక్కి వెళతాయి. 1919లో మాస్కోలో ఏర్పడిన సినిమా పాఠశాలలో సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ నడిపిన తరగతికి ముడి ఫిల్ము దొరకడమే గగనమయ్యేది. దాంతో ఆయన విద్యార్థులు ఫిల్ము లేకుండానే సినిమా తీసినట్టుగా సన్నివేశాలను షాట్లవారీగా వేదిక మీద ప్రదర్శించి చూసుకునేవారు. ఆయన చేసిన ఒక ప్రయోగంలో మాస్కోలోని వేరువేరు చోట్ల తీసిన ఒక పురుషుడూ స్త్రీ కలుసుకుంటారు, ఒక వైపు చూస్తారు. వాళ్లు చూసినట్టుగా అమెరికాలోని వైట్ హౌస్ కనిపిస్తుంది, అది ఏదో అమెరికా చిత్రం నుంచి కత్తిరించిన ముక్క. తరవాతి షాట్లో వాళ్లు మళ్లీ మాస్కోలోనే ఒక చర్చి మెట్లెక్కుతారు. చూసినవాళ్లకు అదంతా ఒకే వీధిలో జరిగినట్టే అనిపించింది. నడక దిశ, చూపు దిశ కుదిరితే రెండు ఖండాలు ఒక వీధి అవుతాయి. అవి కుదరకపోతే ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరు మనుషులు రెండు ఊళ్లలో ఉన్నట్టు కనిపిస్తారు.

ఈ రెండోది ఈ మధ్యే ఒక పోటీలో చూశాను. ఇద్దరు స్నేహితులు కళాశాల ఆవరణలో సిమెంటు బల్లకు చెరో చివర, ఎదురెదురుగా తిరిగి కూర్చొని మాట్లాడుకుంటారు. ఎడమ చివర కూర్చున్న కుర్రాడు తెర మీద కుడివైపు చూస్తూ మాట్లాడాడు, బాగానే ఉంది. రెండో కుర్రాడి క్లోజప్ దగ్గరికి వచ్చేసరికి వెనక మోటారు సైకిళ్లు నిలిపి ఉన్నాయి, ఫ్రేము బాగుండదనుకొని, కెమెరా పట్టుకున్న అబ్బాయి బల్లకు అవతలి పక్కకు వెళ్లి అక్కడి నుంచి తీశాడు. అవతలి పక్క నుంచి చూస్తే ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది. దాంతో రెండో కుర్రాడు కూడా కుడివైపే చూస్తూ మాట్లాడినట్టు వచ్చింది. చెవితో వింటే ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు, కంటితో చూస్తే ఇద్దరూ తెర అవతల ఎక్కడో ఉన్న మూడో మనిషికి ఏదో చెప్పుకుంటున్నారు. ఫీజు కట్టలేక చదువు మానేస్తున్నానని ఆ రెండో కుర్రాడు చెప్పే మాట ఆ చిత్రానికి ప్రాణం. సరిగ్గా ఆ మాట దగ్గరే హాల్లో కొందరు నవ్వారు. నటన బాగాలేక కాదు, ఆ పిల్లవాడు నిజంగా బాగా చేశాడు. ఎందుకు నవ్వారని అడిగితే నవ్వినవాళ్లూ చెప్పలేకపోయారు.

ఇద్దరు మనుషుల మధ్య ఒక గీత ఉందని ఊహించుకొని, ఆ గీతకు ఒక పక్కన ఉన్న 180 డిగ్రీల అర్ధవృత్తంలోనే కెమెరాను ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవడం ఈ చిక్కుకు మందు. వెనక మోటారు సైకిళ్లు అడ్డమైతే వాటిని జరపమనవచ్చు, కెమెరాను అటు ఇటు కొద్దిగా జరిపి ఒక చెట్టునో గోడనో వెనక్కి తెచ్చుకోవచ్చు, నటుడినే బల్ల మీద ఒక జానెడు జరిపి కూర్చోబెట్టవచ్చు, ఫ్రేమును బిగించి వెనకభాగాన్ని మసకబార్చవచ్చు. గీత దాటక తప్పకపోతే దాటడానికీ పద్ధతులున్నాయి. షాటు నడుస్తుండగానే కెమెరా కదిలి ప్రేక్షకుడి కళ్ల ముందే అవతలి పక్కకు వెళ్లవచ్చు, పాత్రే లేచి నడిచి కొత్త గీత ఏర్పరచవచ్చు, సరిగ్గా గీత మీదే కెమెరా పెట్టి తీసిన ఒక షాటును మధ్యలో వాడుకోవచ్చు. పుస్తకంలో ఈ నియమాన్ని పది పంక్తుల్లో రాస్తారు, పరీక్షలో పిల్లలు ఆ పది పంక్తులూ బొమ్మతో సహా తప్పు లేకుండా రాస్తారు. అదే పిల్లలు ఆవరణలోకి వెళ్లి మోటారు సైకిళ్ల దగ్గర గీత దాటుతారు. ఈ విద్య చేతితో చేసి, ఎడిటింగ్ బల్ల మీద అతికించి, అతకలేదని కంటితో చూసుకుంటే తప్ప ఒంటబట్టదు.

చూపు విషయం ఇంకొంచెం చెప్పాలి. మన సెట్ల మీద దీన్ని లుక్ అంటారు. కెమెరా పక్కనుండే సహాయ దర్శకుడు ‘లుక్ లెఫ్ట్’, ‘ఇంకొంచెం కెమెరాకు దగ్గరగా’ అని నటుడికి చెప్పడం తరచూ వినిపించే మాట. విద్యార్థుల చిత్రాల్లో ఒకరి క్లోజప్ తీసేటప్పుడు రెండో నటుడు పక్కకు వెళ్లి ఫోను చూసుకుంటుంటాడు. ఎదుట ఎవరూ లేక ఈ నటుడు గాలిలోకి చూస్తూ మాటలప్పజెబుతాడు. ఎదుటివాడు నిలబడి ఉంటే చూపు ఎత్తు ఎంత ఉండాలి, కూర్చుంటే ఎంత ఉండాలి, లెన్సుకు ఎంత దగ్గరగా ఉండాలి అన్నది ఒక్క అంగుళం మారినా తెర మీద తెలిసిపోతుంది. ఒకరి భుజం మీదుగా ఎదుటివారిని చూపే సజెషన్ షాటును ముందు తీసి, ఆ స్థానాలు కదపకుండానే విడివిడి క్లోజప్‌లకు వెళ్లడం, రెండో నటుణ్ని కెమెరా పక్కనే నిలబెట్టి మాటలు అందించమనడం ఖర్చులేని పనులు.

ఇక చర్య మధ్యలో కత్తిరింపు. పాత్ర గది తలుపు తోసుకొని లోపలికి వస్తుంది అనుకుందాం. బయటి నుంచి ఒక షాటు, లోపలి నుంచి ఒక షాటు. చాలామంది విద్యార్థులు బయటి షాట్లో చెయ్యి గడియ మీద పడగానే ‘కట్’ చెప్పేస్తారు, లోపలి షాటును తలుపు తెరుచుకున్నాక మొదలుపెడతారు. మధ్యలో తలుపు తెరిచే క్షణం ఎక్కడా లేదు కాబట్టి ఎడిటింగ్‌లో పాత్ర తలుపులోంచి దూకినట్టు ఉంటుంది. దాన్ని కప్పడానికి ఒక దృశ్యం కరిగి ఇంకో దృశ్యంగా మారే డిజాల్వో, తెల్లని మెరుపో, దడదడలాడే సంగీతమో వేస్తారు. చేయవలసింది ఏమిటంటే తలుపు తెరవడాన్ని మొదటి నుంచి చివరి దాకా బయటి నుంచీ తీయాలి, లోపలి నుంచీ తీయాలి. నటుడు రెండుసార్లూ అదే చేత్తో, అదే వేగంతో చేయాలి. కత్తిరించే స్థానాన్ని ఎడిటర్ ఆ రెండింటి మధ్య ఎక్కడైనా ఎంచుకుంటాడు, సాధారణంగా తలుపు కదులుతున్నప్పుడే కత్తిరిస్తాడు, ఎందుకంటే కదలికను వెంబడించే కన్ను కత్తిరింపును పట్టించుకోదు. ‘యాక్షన్’కు ముందు కొన్ని సెకన్లు, చర్య అయిపోయాక కొన్ని సెకన్లు కెమెరా నడవనివ్వడం కూడా ఇందులో భాగమే. ‘కట్’ అనడానికి పిల్లలకున్న తొందర అంతా ఇంతా కాదు.

విద్యార్థుల చేతిలో ఇప్పుడున్న కెమెరా ఎక్కువగా ఫోనే. దాన్ని చిన్నచూపు చూడటానికి కారణం లేదు, కానీ ఫోను తనంతట తాను తీసుకునే నిర్ణయాలు కంటిన్యుటీకి పెద్ద శత్రువులు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి కాస్త ముందుకు వంగితే ఫోను వెలుగును తనే తగ్గిస్తుంది, వెనక్కి వాలితే పెంచుతుంది. ఒక షాట్లో గోడ తెల్లగా, తరవాతి షాట్లో అదే గోడ పసుపుగా వస్తుంది, ఎందుకంటే తెలుపు ఏ రంగులో కనబడాలో నిర్ణయించే వైట్ బ్యాలెన్స్ దానంతటదే మారింది. దగ్గరగా ఒక వస్తువు చూపించబోతే కొన్ని ఫోన్లు చెప్పకుండా ఇంకో లెన్సుకు మారిపోతాయి, దాంతో రంగూ దృక్కోణమూ రెండూ మారతాయి. తరగతి గదిలో ట్యూబులైటు కింద తీసిన దృశ్యంలో నల్లని పట్టీలు పాకుతుంటే ఫోను పాడైందనుకుంటారు. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున వస్తుంది కాబట్టి ఆ దీపం వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టర్ వేగం, అంటే ఒక్కో ఫ్రేము వెలుగును తీసుకునే సమయం, సెకనులో 60వ వంతు ఉంటే ఆ లయతో కుదరదు, 50వ వంతో 100వ వంతో పెడితే పట్టీలు పోతాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు), వైట్ బ్యాలెన్స్, షట్టర్ ఈ నాలుగింటినీ సన్నివేశం మొదట్లోనే బిగించి, నోటు పుస్తకంలో రాసుకొని, సన్నివేశం అయ్యేదాకా ముట్టుకోకూడదన్న అలవాటు చేయించడానికి ఒక్క పూట చాలు. ఇద్దరి ఫోన్లతో రెండు కోణాలు తీసి సమయం ఆదా చేశామనుకునేవాళ్లకు, వేరువేరు కంపెనీల ఫోన్లు ఒకే ముఖాన్ని రెండు రంగుల్లో చూపిస్తాయని ఎడిటింగ్ బల్ల దగ్గరే తెలుస్తుంది.

వెలుగు కూడా అంతే. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టిన సన్నివేశం మధ్యాహ్నం భోజనాల తరవాత పూర్తయితే తెర మీద రెండు నిమిషాల సంభాషణలో నీడలు ఇటు నుంచి అటు తిరిగిపోతాయి. అందుకే ఎండలో తీసేవాళ్లు వెనక చాలా భాగం కనిపించే విశాలమైన షాట్లను వరసగా ముందు ముగించి, క్లోజప్‌లను తరవాతికి ఉంచుకుంటారు. క్లోజప్‌కు ఒక గుడ్డ అడ్డంపెట్టి, ఒక థర్మోకోల్ షీటుతో వెలుగు కొట్టించి పొద్దుటి వెలుగును కొంతవరకు మళ్లీ తెచ్చుకోవచ్చు. శబ్దం గురించి ఒక్క మాట. గదిలో ఫ్యాను తిరుగుతుండగా ఒక షాటు, ఆపేసి ఇంకో షాటు తీస్తే ప్రతి కత్తిరింపు దగ్గరా గాలి ఆగి మొదలవుతున్నట్టు వినిపిస్తుంది. సన్నివేశం అయ్యాక అందరూ కదలకుండా ఉండి ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకుంటే ఆ అతుకులు మూసుకుంటాయి.

ఏ షాట్లో ఏది ఎలా ఉందో నమోదు చేసే కంటిన్యుటీ పుస్తకం రాసే పని దగ్గర నాకు ఒక అభ్యంతరం ఉంది. మన కళాశాలల్లో చిత్రం తీసే బృందాలను గమనిస్తే కెమెరా, దర్శకత్వం అబ్బాయిలు తీసుకొని, పుస్తకమూ పెన్నూ అమ్మాయిల చేతికిస్తారు. హాలీవుడ్‌లో కూడా దశాబ్దాల పాటు ఈ పనిని ఎక్కువగా స్త్రీలకే అప్పగించి ‘స్క్రిప్ట్ గర్ల్’ అని పిలిచారు. మన చిత్రపరిశ్రమలో ఇది సహాయ దర్శకుల్లో ఒకరి బాధ్యత, కుర్ర అసిస్టెంటు మొదట నేర్చుకునే పని. నిజానికి షూటింగులో అందరికంటే ఎక్కువ గమనించేది ఈ పుస్తకం పట్టుకున్నవారే. గ్లాసు ఏ చేతిలో ఉంది, ఏ మాట దగ్గర పైకెత్తాడు, చొక్కా గుండీలు ఎన్ని పెట్టుకున్నాడు, చేతి గడియారం ఉందా, గోడ మీది క్యాలెండరు ఏ నెల చూపిస్తోంది, నల్లబల్ల మీద ఏం రాసి ఉంది అన్నవన్నీ వారే చూడాలి. మా విద్యార్థినుల్లో ఒకరు పెళ్లింటి సన్నివేశానికి రాసిన పుస్తకం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. కథలో సన్నివేశం మొత్తం ఒక్క గంటలో జరుగుతుంది, షూటింగు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరిగింది. కథానాయిక జడలో పొద్దున మొగ్గలుగా పెట్టిన మల్లెలు మధ్యాహ్నానికి విచ్చుకొని, సాయంత్రానికి వాడిపోయాయి. ఆ అమ్మాయి ఇది ముందే ఊహించి మొగ్గల దండలు రెండు మూడు తడిగుడ్డలో చుట్టి చల్లని చోట ఉంచి, షాటు షాటుకు దండ ఏ స్థితిలో ఉందో ఫోనుతో ఫొటో తీసి, సీను నంబరు, షాటు నంబరు, టేకు నంబరు, కథలో అది ఎన్నో రోజన్న వివరం పక్కనే రాసుకుంది. ఈ పుస్తకానికి మార్కులేయడానికి మా పరీక్షా విధానంలో చోటు లేదు. కాబట్టి అభ్యాసంలో పనులు తప్పనిసరిగా చేతులు మారాలని, ప్రతి విద్యార్థీ ఒకసారి కెమెరా, ఒకసారి పుస్తకం, ఒకసారి ఎడిటింగ్ పట్టాలని నియమం పెట్టాలంటాను.

కంటిన్యుటీ పాతకాలపు చాదస్తమని, ఇప్పటి ఇన్‌స్టాగ్రామ్ రీళ్ల కాలంలో ఎలా కత్తిరించినా జనం చూస్తున్నారని కొందరు అధ్యాపకులే అంటారు. ఈ మాటలో కొంత నిజముంది. ప్రసిద్ధ ఎడిటర్ వాల్టర్ మర్చ్ మంచి కత్తిరింపుకు కావలసిన ఆరు గుణాలకు విలువలు కడుతూ భావోద్వేగానికి 51 శాతం, కథకు 23, లయకు 10, కంటి కదలికకు 7, తెర మీది సమతల దిశలకు 5 ఇచ్చి, గదిలో మనుషులూ వస్తువులూ ఉన్న స్థానాల పొందికకు చివర 4 మాత్రమే ఇచ్చాడు. కన్నీళ్లు నిజంగా వచ్చిన టేకులో గ్లాసు ఎడమ చేతిలో ఉందని ఆ టేకును పారేయమని ఏ ఎడిటరూ అనడు. న్యాయనిర్ణేతల్లో కొందరు గ్లాసులో టీ ఎత్తు మారిందని పట్టుకొని మురిసిపోయి, చూపు దిశ తప్పినదాన్ని వదిలేయడం నేను చూశాను, అది తలకిందుల లెక్క. కానీ మర్చ్ చెప్పినది ఎడిటింగ్ బల్ల ముందు కూర్చున్నవాడు దేన్ని ముందు వదులుకోవాలన్న వరస. వదులుకోవడానికైనా, ఉంచుకోవడానికైనా చేతిలో అతికే షాట్లు రెండు మూడుండాలి. గీత దాటిన ఒకే ఒక్క క్లోజప్ పట్టుకొచ్చిన విద్యార్థికి ఎంచుకోవడానికి ఏముంది?

జపాన్ దర్శకుడు ఓజు 180 డిగ్రీల గీతను లెక్కచేయలేదు కదా అన్న వాదన కూడా వింటుంటాను. ఓజు ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరినీ తెర మీద ఒకే దిశలో చూస్తున్నట్టు తీసిన మాట వాస్తవమే. అయితే ఆయన కెమెరాను నేలకు దగ్గరగా ఒకే తరహా ఎత్తులో ఉంచి, ముఖాల పరిమాణాన్నీ ఫ్రేములో వాటి స్థానాన్నీ షాటు షాటుకు సరిపోల్చి, చిత్రం పొడుగునా అదే పాటించాడు. మోటారు సైకిళ్లు కనబడకూడదని ఒకసారి, ఎండ కళ్లలో పడుతోందని ఇంకోసారి పక్క మార్చినవాడు ఓజు పేరు ఎత్తకపోవడం మంచిది.

ఫిల్ము మీద తీసిన రోజుల్లో 16 ఎం.ఎం. రీలు 400 అడుగులది సెకనుకు 24 ఫ్రేముల వేగంలో సుమారు 11 నిమిషాలకు అయిపోయేది. 35 ఎం.ఎం.లో అంత నిడివికి 1000 అడుగులు కావాలి. ఆ ఖర్చు భయంతోనే ప్రతి షాటూ కాగితం మీద ముందు తేలేది. స్టాప్‌వాచ్ పట్టుకొని రిహార్సల్లోనే సన్నివేశం నిడివి లెక్కగట్టుకున్న దర్శకుడిగా కె.వి. రెడ్డి పేరును తెలుగు పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ భయం మళ్లీ రావాలని నేను కోరను. ఫిల్ము ఉన్న కాలంలో మా ఊరి పిల్లలెవరూ కెమెరా ముట్టుకునే అవకాశమే లేదు. కానీ అభ్యాసం వరకు కృత్రిమంగానైనా ఒక కట్టుబాటు ఉండాలి. ఒక పాత్ర, ఒక గది, ఒక చర్య. ఉదాహరణకు తాళంచెవి కనబడక వెతుక్కోవడం, బస్సు తప్పిపోతుందని సంచి సర్దుకోవడం. షాట్లు పది పన్నెండుకు మించకూడదు, షాటుకు మూడు టేకులకు మించకూడదు. మాట, సంగీతం, స్లో మోషన్, డ్రోన్, డిజాల్వ్ ఏవీ వాడకూడదు. షాట్ల జాబితా, పైనుంచి చూసినట్టు గీసిన గది పటం, అందులో కెమెరా స్థానాలు ముందే అధ్యాపకుడికి చూపించాలి.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఇంకొకటి ఉంది. ఒక బృందం తీసిన షాట్లను వేరే బృందం ఎడిట్ చేయాలి. తీసినవాడికి గది ఎలా ఉందో ముందే తెలుసు కాబట్టి తన మనసులో ఖాళీలు పూరించుకుంటాడు. ఆ గది చూడని ఎడిటర్‌కు షాట్లో ఉన్నదే ఆధారం. తలుపు ఎటు ఉంది, మంచం ఎటు ఉంది, ఈ అమ్మాయి ఇప్పుడు ఎటు వెళ్లింది అని అవతలి బృందం అడిగే ప్రశ్నలు తీసినవాళ్లకు ఏ పాఠమూ చెప్పనంత చెబుతాయి. ప్యాచ్‌వర్క్ అంటే, తీయకుండా మిగిలిన షాట్లను తరవాత తీసి కలపడమంటే ఏమిటో, వస్తువును దగ్గరగా చూపే ఒక్క ఇన్సర్ట్ షాటు తప్పిపోతే దాని కోసం మళ్లీ అదే చొక్కా, అదే గది, అదే వెలుగు వెతుక్కోవడం ఎంత కష్టమో కూడా అప్పుడే తెలుస్తుంది.

దీనికి కావలసిన సరంజామా చాలా తక్కువ. ఫోను బిగించే ట్రైపాడ్, రెండు థర్మోకోల్ షీట్లు, ఒక క్లాప్‌బోర్డు, ఒక నోటు పుస్తకం చాలు. డావిన్సీ రిజాల్వ్ వంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత రూపంలో దొరుకుతుంది, కాకపోతే దానికి కాస్త శక్తిగల కంప్యూటరు కావాలి. కళాశాల ల్యాబులో అలాంటివి రెండు ఉన్నా విద్యార్థులు వంతుల వారీగా పని చేసుకోగలరు. కష్టమల్లా అధ్యాపకుల శిక్షణ. పుణే సంస్థ 2017 నుంచి దేశంలోని వివిధ ఊళ్లలో స్వల్పకాలిక సినిమా కోర్సులు నిర్వహిస్తోంది. విశ్వవిద్యాలయాలు చొరవ తీసుకొని అటువంటి కోర్సులను మన జిల్లా కేంద్రాలకు రప్పించి, ముందుగా మాధ్యమ విభాగాల అధ్యాపకులను కూర్చోబెడితే బాగుంటుంది. హైదరాబాద్‌లోని ఛాయాగ్రాహకుల, ఎడిటర్ల సంఘాల నుంచి అనుభవజ్ఞులైన ఒకరిద్దరు ఏడాదికి ఒక్కసారి కళాశాలకు వచ్చి, పిల్లలు తీసిన పది షాట్లను వాళ్ల ముందే అతికి చూపించినా చాలు. ముఖ్య అతిథి ఉపన్యాసానికి పెట్టే ఖర్చు దీనికి సరిపోతుంది.

పోటీ నిర్వాహకులు రెండు మార్పులు వెంటనే చేయవచ్చు. చిత్రంతో పాటు షాట్ల జాబితా, కంటిన్యుటీ పుస్తకం నకలు, ఏదో ఒక సన్నివేశానికి చెందిన ఎడిట్ చేయని షాట్లు కూడా పంపమనాలి. అలా చేస్తే ఇంటర్నెట్‌లో దొరికిన డ్రోన్ దృశ్యాలను అతికించి పంపేవాళ్లు కూడా తగ్గుతారు. రెండోది, తుది విడతకు ఎంపికైన ప్రతి చిత్రంలో ఒక సన్నివేశాన్ని శబ్దం ఆపేసి న్యాయనిర్ణేతలు మళ్లీ చూడాలి. మాటా పాటా లేకుండా ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరు ఎటు వెళ్లారో అర్థమైతే దానికి మార్కులు వేయాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఈ పోటీల వార్తలు రాసేటప్పుడు కథానాయకుడి ఫొటోతో, సందేశంతో సరిపెట్టకుండా, ఆ చిత్రానికి కెమెరా ఎవరు పట్టారో, ఎడిటింగ్ ఎవరు చేశారో, కంటిన్యుటీ పుస్తకం ఎవరు రాశారో వాళ్ల పేర్లు కూడా ఒక పంక్తిలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల మాధ్యమ విభాగ అధ్యాపకుడు,
తూర్పు గోదావరి జిల్లా.